మార్కులు వేయని మనిషి

2015లో బిహార్‌లోని నలందా జిల్లాలో కొన్ని సర్కారు హైస్కూళ్ల తొమ్మిదో తరగతి పిల్లలకు ఓ పెట్టె కొత్తగా కనిపించింది. మనసులో ఉన్నమాట చీటీ మీద రాసి అందులో వేయొచ్చు. పేరు రాయాలని లేదు. ఎవరో ఏడిపిస్తున్నారని రాయొచ్చు, బడిలో ఫలానాది బాగాలేదని రాయొచ్చు, విడిగా మాట్లాడాలని ఉందనీ రాయొచ్చు. పెట్టెతో పాటు గోడపత్రిక వచ్చింది. నెలకో అంశం తీసుకుని ప్రార్థన సమయంలో నాలుగు మాటలు, ఆపైన పోటీలు, చర్చలు. కొన్ని బళ్లలో ఈ పనంతా చూసుకోవడానికి ప్రత్యేకంగా ఓ మనిషిని తెచ్చి పెట్టారు. డాక్టరు కాదు, సైకాలజిస్టూ కాదు. శిక్షణ ఇచ్చిన మామూలు మనిషి. మరికొన్ని బళ్లలో అదే కార్యక్రమాన్ని అక్కడి టీచరుకే శిక్షణ ఇచ్చి అప్పగించారు. మిగిలిన బళ్లలో సర్కారు ఎప్పుడూ నడిపే జీవన నైపుణ్యాల పాఠాలు తప్ప కొత్తగా ఏమీ పెట్టలేదు.

ఎనిమిది నెలలు గడిచాక లెక్క తీశారు. మొత్తం 74 బళ్లు, 14 వేలకు పైగా పిల్లలు. ప్రత్యేకంగా మనిషిని పెట్టిన బళ్లలో పిల్లలకు బడి మీద, టీచర్ల మీద, తోటివాళ్ల మీద నమ్మకం పెరిగింది. కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. ఏడిపించడాలు, కొట్టుకోవడాలు తగ్గాయి. టీచరుకు అప్పగించిన బళ్లకూ ఏమీ పెట్టని బళ్లకూ మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సచిన్ షిండే, విక్రమ్ పటేల్, వాళ్ల సహచరులు ఈ సంగతిని 2018లో లాన్సెట్ పత్రికలో అచ్చు వేశారు. కార్యక్రమం పేరు సెహర్. ఆ మనిషిని సెహర్ మిత్ర అన్నారు.

పుస్తకం ఒకటే, పని ఒకటే. చెయ్యి మారితే ఫలితం మారింది. ఈ ముక్క తేలడానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది.

ఈ కథలో మొదటి అడుగు వేసింది ఓ పంతులమ్మే కావడం తమాషా. 1896 మార్చిలో ఫిలడెల్ఫియాలో మార్గరెట్ మగ్వైర్ అనే టీచరు ఓ పద్నాలుగేళ్ల కుర్రాణ్ణి వెంటబెట్టుకుని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది. వాడికి స్పెల్లింగులు ఎంతకీ రావు. అప్పటికి సైకాలజీ అంటే ప్రయోగశాలలో కూర్చుని చూపు, వినికిడి, జ్ఞాపకం కొలిచే శాస్త్రం. అన్ని కొలవగలిగిన శాస్త్రం ఈ పిల్లాడికి అక్కరకు రాకపోతే ఎలా అన్నది ఆమె వాదన. లైట్నర్ విట్మర్ అనే ప్రొఫెసరు కుర్రాణ్ణి పరీక్షిస్తే కంటిచూపులో లోపం బయటపడింది. కళ్లద్దాలు పెట్టించారు, విడిగా చదువు చెప్పించారు. ప్రపంచంలో మొదటి సైకాలజీ క్లినిక్ అలా మొదలైంది. తల్లో తప్పుందనుకున్న పిల్లాడికి కంట్లో తప్పు దొరకడం మంచి మొదలే అనాలి.

1909లో షికాగోలో విలియం హీలీ అనే వైద్యుడు బాలల కోర్టుకు వచ్చే పిల్లల కోసం ఓ సంస్థ నడిపాడు. 1920లు వచ్చేసరికి అమెరికా పట్నాల్లో బాలల మార్గదర్శక క్లినిక్కులు లేచాయి. ఓ సైకియాట్రిస్టు, ఓ సైకాలజిస్టు, ఓ సోషల్ వర్కరు కలిసి పిల్లాణ్ణి చూడడం వాటి పద్ధతి. 1937లో టాటా సంస్థ సోషల్ వర్క్ బడి ఆధ్వర్యంలో బొంబాయిలోనూ ఒకటి వెలిసింది. మంచి పని, సందేహం లేదు. కానీ దారి ఒకవైపే. బడి పిల్లాణ్ణి పంపాలి, పిల్లాడు క్లినిక్కుకు పోవాలి. పట్నంలో ఉన్నవాడికే అందుతుంది. పైగా పంపేది ఎవరిని? గోల చేసేవాణ్ణి. చివరి బెంచీలో నోరు మెదపకుండా కూర్చున్న పిల్ల ఎవరి కంటా పడదు.

నిపుణుడి గది దాటి వైద్యం బయటికి రావడం మన దేశంలో వేరే దారిలో జరిగింది, అదీ బళ్ల గురించి ఆలోచించి కాదు. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేసి ఉండనిచ్చాడు. రోగిని చూసుకోవడం ఇంటివాళ్లే నేర్చుకున్నారు. 1975 ప్రాంతంలో చండీగఢ్ వైద్యులు రాయపూర్ రాణిలో, బెంగళూరు నిమ్‌హాన్స్ వైద్యులు సకలవారలో ఇంకో మెట్టు ఎక్కారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మామూలు డాక్టరుకు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు మానసిక జబ్బుల్ని గుర్తుపట్టడం నేర్పితే పని నడుస్తుందని చూపించారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1985 నుంచి బళ్లారి జిల్లా మొత్తం మీద ఈ పద్ధతిని పరీక్షకు పెట్టారు. ఒకప్పుడు మన దత్తమండలంలో భాగమైన ఆ జిల్లా నుంచే 'బళ్లారి నమూనా' అన్న పేరు దేశమంతా పాకింది. 1996లో దాన్ని ప్రభుత్వ పథకంగా నాలుగు జిల్లాల్లో మొదలుపెడితే వాటిలో మన మెదక్ ఒకటి. ఈ చరిత్ర మెదక్‌లోనే ఎంతమందికి గుర్తుందో!

ఆ పథకం పెద్దవాళ్ల జబ్బుల చుట్టూనే తిరిగింది. బడి పిల్లలు అందులోకి పేరుపెట్టి వచ్చింది 11వ పంచవర్ష ప్రణాళికలోనే. ఈలోపు బళ్లవైపు చూసినవాళ్లు లేకపోలేదు. నిమ్‌హాన్స్‌లో మాళవిక కపూర్ టీచర్లకు పిల్లల మనసు గురించి శిక్షణ ఇస్తూ వచ్చారు. శ్రీకళా భరత్, కిశోర్ కుమార్ జీవన నైపుణ్యాల పాఠాలు తయారుచేశారు. నిర్ణయం తీసుకోవడం, వద్దని చెప్పగలగడం, కోపాన్ని పట్టుకోవడం లాంటివి కథలతో, ఆటలతో టీచరే క్లాసులో నేర్పించాలన్నది ఆలోచన. అందరూ టీచర్నే ఎందుకు పట్టుకున్నారంటే బడిలో రోజూ ఉండే పెద్దమనిషి టీచరే, జీతం కూడా ముందే ఇస్తున్నాం. ఇందులో కొంత ఆలోచన ఉంది, కొంత పొదుపు ఉంది.

ఇక్కడ కథ హరారేకు వెళ్తుంది. 1990ల మొదట్లో, అప్పటికి యువ సైకియాట్రిస్టైన ఇదే విక్రమ్ పటేల్ జింబాబ్వేలో పనిచేశాడు. సైకియాట్రిస్టులు ఆ దేశం మొత్తానికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మామూలు జనం తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారో కనుక్కుని, షోనా భాషలో పద్నాలుగు ప్రశ్నల కాగితం తయారుచేశాడు. దాన్ని ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా లెక్కవేయొచ్చు. తర్వాత 2006 ప్రాంతంలో అక్కడి వైద్యుడు డిక్సన్ చిబాండా పద్నాలుగు మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్కు బయట బల్లల మీద కూర్చోబెట్టాడు. మనసు బాగాలేనివాళ్లు వచ్చి అవ్వతో మాట్లాడేవాళ్లు. వాళ్ల చేతిలో ఆ ప్రశ్నల కాగితమే. 2016లో ఆ పని పరీక్షకు నిలిచింది కూడా.

పటేల్ గోవాకు తిరిగొచ్చి 1996లో మరికొందరితో కలిసి సంగత్ సంస్థ పెట్టాడు. మొదట చూసింది పిల్లల ఎదుగుదల సమస్యలు, కుటుంబాల బాధలే. తర్వాత గోవా క్లినిక్కుల్లో పెద్ద పరీక్ష ఒకటి జరిపారు. శిక్షణ పొందిన మామూలు కౌన్సెలర్లు కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్లతో మాట్లాడి, వివరించి, వెంటబడి చూసుకున్నారు. 2010లో వచ్చిన ఫలితాల్లో ప్రభుత్వ కేంద్రాలకు వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు. ప్రైవేటు క్లినిక్కుల్లో అంత తేడా కనబడలేదు. నిపుణుడు లేకపోయినా పని జరుగుతుందని తేలింది. అయితే ఎక్కడ జరుగుతుంది, ఎవరి చేతిలో జరుగుతుందన్నది చూసుకోవాలనీ అప్పుడే తెలిసింది.

ఆ మామూలు కౌన్సెలర్నే తర్వాత గోవా బళ్లలోకి తీసుకెళ్లి చిన్నపాటిగా ప్రయత్నించారు. అక్కడి అనుభవంతో నలందాకు వచ్చారు. గోవా వేరు, నలందా వేరు. నలందా బళ్లలో కిక్కిరిసిన తరగతులు, చాలని టీచర్లు, చాలీచాలని గదులు. ఇక్కడ నిలిస్తే ఎక్కడైనా నిలుస్తుంది.

సెహర్‌లో నాకు నచ్చింది దాని వరస. మొదటి అంచె బడి మొత్తానికి: పెట్టె, గోడపత్రిక, ప్రార్థన వేళ మాటలు, బడి కమిటీ. రెండోది చిన్న గుంపులకు: చర్చలు, వర్క్‌షాపులు. మూడోది ఒంటరిగా మాట్లాడాలనుకున్న పిల్లలకు. అంటే కౌన్సెలర్ గదికి వెళ్లిన పిల్లను ఎవరూ వింతగా చూడనక్కర్లేదు. ఆ మనిషి ముందే బడందరికీ తెలుసు. నిన్న వ్యాసరచన పోటీ పెట్టిన మనిషే కదా!

మరి టీచరు చేతిలో ఎందుకు పారలేదు? టీచర్లు చెడ్డవాళ్లని ఎవరూ అనలేదు, నేనూ అనను. సెహర్ మిత్రకు అదే ఉద్యోగం. టీచరుకు అది పాఠాలు, హాజరు పట్టీ, పరీక్షలు, సర్వేలు, ఎన్నికల డ్యూటీ తర్వాత మిగిలిన టైములో చేసే పని. ఇంకో సంగతీ ఉంది. క్లాసులో బెత్తం పట్టుకున్న చేతికే, జవాబు పత్రం దిద్దే చేతికే ఓ పిల్ల తన చీటీ ఎలా ఇస్తుంది? తన బాధలో సగం ఆ క్లాసుగదిదే అయినప్పుడు? రెండో ఏడు చివర మళ్లీ కొలిచి 2020లో ప్రచురించారు. మనిషిని పెట్టిన బళ్లలో మేలు ఇంకా పెరిగింది. టీచర్ల బళ్లలో అప్పుడూ లాభం కనబడలేదు. అంటే టీచర్లకు అలవాటయ్యేదాకా ఆగుదాం అన్న మాటకూ చోటు లేకపోయింది.

అదే సంగత్ బృందం ఢిల్లీ సర్కారు బళ్లలో మరో పని చేసింది. పిల్లల్ని అడిగితే వాళ్లు జబ్బుల పేర్లేమీ చెప్పలేదు. టెన్షన్ అన్నారు. అందులో చదువు టెన్షన్‌దే పెద్దపీట. అందుకే వైద్యం కూడా జబ్బు పేరు చుట్టూ తిరగకుండా మూడు మెట్లకు కుదించారు: సమస్య ఏమిటి, ఎన్ని దారులున్నాయి, ఒకటి చేసి చూడు. బొమ్మల కథల పుస్తకాలు, మూడు వారాల్లో నాలుగైదుసార్లు మామూలు కౌన్సెలర్‌తో కాసేపు. 250 మందితో జరిపిన పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. పుస్తకాలు మాత్రమే చదివినవాళ్లకన్నా కౌన్సెలర్‌తో మాట్లాడినవాళ్లు తమ సమస్యల బరువు ఎక్కువ తగ్గిందని చెప్పారు. లక్షణాల స్కోరులో మాత్రం ఆరు వారాల నాటికి గట్టి తేడా రాలేదు. ఆ సంగతీ దాచకుండా రాశారు. పైగా క్లాసుకు వెళ్లి ఓ వీడియో చూపించి, ఇలా ఒకరున్నారు, రావచ్చు అని చెప్పిన చోట సాయం అడిగే పిల్లలు పెరిగారు. గది తెరిచి పెడితే చాలదు, తలుపు ఎక్కడుందో చెప్పాలి.

మన రాష్ట్రాల సంగతికి వద్దాం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. పరీక్ష తప్పడం వల్ల జరిగినవిగా నమోదైన ఆత్మహత్యలు 2,248. ఇంటర్ ఫలితాల వారం అంటే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేపరు తెరవాలంటే భయం. 2022 అక్టోబరులోనే కేంద్రం టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కు ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. 2023 జులైలో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయింది. సొంతూరు పశ్చిమ బెంగాల్. ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించడమే కాక, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా పదిహేను మార్గదర్శకాలు ఇచ్చారు. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదీయొద్దన్నది అందులో ఒకటి. మన కార్పొరేట్ కాలేజీల నడకే దాని మీద ఉంది కాబట్టి ఎంత అమలవుతుందో చూడాలి. ఇంకొకటి: వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి సంస్థా శిక్షణ ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో కనీసం ఒకరిని పెట్టుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలని కూడా చెప్పారు. పిల్లల్లో ప్రమాదం పసిగట్టి సరైన చోటికి చేర్చడం టీచర్లు నేర్చుకోవలసిందే. రోజూ కూర్చుని వినే పని మాత్రం వేరొకరిది అని నలందా చెబుతోంది.

మనకు అలవాటైన పద్ధతి ఇందుకు ఎదురు. 2020లో మొదలైన బడి ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టారు. కొత్త బాధ్యత ఏదొచ్చినా పాత మనిషి నెత్తినే. కోర్టు చెప్పినట్టు నియామకాలు మొదలైతే పట్టా ఉన్నవాళ్లు అన్ని బళ్లకూ చాలకపోవచ్చు. అప్పుడు నిపుణులు పైనుంచి చూస్తూ, కింద శిక్షణ పొందిన మామూలు మనుషులతో నడిపిన గోవా, నలందా దారి ఎలాగూ ఉంది. నేనైతే ఆ నియామక పత్రాల్లో ముందు రెండు మాటలు వెతుకుతాను: ఈ మనిషిని ఖాళీ పీరియడుకు లెక్కల క్లాసులోకి పంపరాదు, పరీక్షల్లో ఇన్విజిలేషన్ వేయరాదు.