ఆరణాల రోడ్డు

డిసెంబరు వస్తే లంబసింగి ఘాట్‌లో తెల్లారకముందే కార్లు బారులు తీరుతాయి. మంచు చూడ్డానికి వచ్చినవాళ్లు మలుపు మలుపుకీ ఆగుతారు, ఫోటోలు దిగుతారు, వేడి టీ తాగి కిందికి వెళ్లిపోతారు. ఈ కొండకి రోడ్డు ఎవరు కొట్టారని ఒక్కరూ అడగరు. మన పిల్లలూ అడగరు. అది వాళ్ల తప్పు కాదు. బడిలో మనం చెప్పలేదు.

పాఠ్యపుస్తకంలో మన్యం పోరాటం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలవుతుంది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. నాకు మాత్రం ఆగస్టు 22కి ముందు జరిగిందే మనకి ఎక్కువ పనికొచ్చే చరిత్ర అనిపిస్తుంది. ఆ కథ తుపాకులది కాదు, కూలి డబ్బులది.

అప్పట్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి వరకు రోడ్డు వేయించే పని అతని చేతిలో ఉండేది. రాయి కొట్టిందీ, మట్టి మోసిందీ మనవాళ్లే. రోజుకి ఆరణాలు రావలసిన చోట అణా, మహా అయితే రెండణాలు దక్కేవి. రూపాయికి పదహారణాలని ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి దీన్ని ఒక లెక్కగా ఇవ్వండి మాస్టారూ. ఆరణాలకి రెండణాలిస్తే, మూడు రోజులు చేసినవాడికి ఒక్కరోజు కూలి ముట్టినట్టు. మిగతా రెండు రోజులూ ఊరికే చేసినట్టు.

మరి పని మానేయొచ్చుగా అని తరగతిలో ఎవడో ఒకడు తప్పక అడుగుతాడు. అడగాలి కూడా. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు మీద ఆంక్షలు పెరిగాయి. నిన్నటిదాకా తమదనుకున్న అడవిలో కట్టె కొడితే కేసు, మేకని తోలితే జరిమానా. తిండికి దారి మూసేసి, ఆ పక్కనే రోడ్డు పని ఉంది రమ్మంటే, వచ్చినవాడు ఇష్టపడి వచ్చినట్టా? దొరల సామాన్లు కొండల మీదుగా మోయించే వెట్టి అంతకు ముందునుంచీ ఉండనే ఉంది. రోడ్డు పని దాని పక్కన చేరింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. అదే 1922లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, పెద్దవాళ్ల చేత వారానికి 60 గంటలకి మించి పని చేయించకూడదన్నారు. గోడలున్న చోటికే ఆ చట్టం. కొండవాలు మీద పని చేసేవాడికి గంటల లెక్క ఎవరు పెట్టారు?

బాస్టియన్ వల్ల దెబ్బతిన్నవారిలో గాం సోదరులు ముఖ్యులు. బట్టిపనుకుల మునసబుగా ఉన్న గాం గంటందొర పదవి పోయింది, భూమీ పోయింది. ఆయనా, తమ్ముడు మల్లుదొరా మొదట చేసింది తిరుగుబాటు కాదు. పైఅధికారులకి మొర పెట్టుకున్నారు. అల్లూరి సీతారామరాజు కూడా బాస్టియన్ మీద ఫిర్యాదు చేశాడు. ఫలితం లేదు. మన యువకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. మనవాళ్లకి అర్జీ పెట్టడం తెలియక ఆయుధం పట్టలేదు. అర్జీ పెట్టారు, అది చదివి చర్య తీసుకోవలసినవాడు తీసుకోలేదు.

చింతపల్లి దాడిలో 11 తుపాకులు దొరికాయి. తీసుకున్న ఆయుధాల లెక్కంతా స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం పెట్టాడు. చాలామంది దీన్ని ఆయన ధైర్యానికి గుర్తుగా చెబుతారు. నాకు ఇంకోటి కనిపిస్తుంది. కూలి ఎగ్గొట్టినవాళ్ల దగ్గర తీసుకున్నదానికి కూడా లెక్క రాసిచ్చారు!

తర్వాతి సంగతి అందరికీ తెలిసిందే. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. నెల తిరగ్గానే గంటందొర కూడా నేలకొరిగాడు. పట్టుబడిన మల్లుదొర ఏళ్ల తరబడి జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చాడు. 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి గెలిచి తొలి లోక్‌సభలో కూర్చున్నాడు.

అసలు ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. రెండణాలు ఇచ్చాంగా, ఇంక వెట్టి ఎలా అవుతుంది అని అప్పటి అధికారి అనగలడు. దీనికి జవాబు 60 ఏళ్ల తర్వాత ఢిల్లీలో వచ్చింది. 1982 ఏషియన్ గేమ్స్ కోసం అక్కడ స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్నారు. కూలీకి రోజుకి 9 రూపాయల 25 పైసలు రావాలి. మధ్యలో జమాదారు ఒక రూపాయి మిగుల్చుకుని 8 రూపాయల 25 పైసలే ఇచ్చేవాడు. పౌరహక్కుల సంఘం ఒకటి ఈ సంగతి జస్టిస్ భగవతికి ఉత్తరం రాసింది. ఆ ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని ఆ సంవత్సరం సెప్టెంబరులో తీర్పు చెప్పింది. కర్ర పట్టుకుని చేయిస్తేనే నిర్బంధం కాదు, ఆకలి తరిమితే వచ్చి చేసినా నిర్బంధమే అంది. జమాదారు మిగుల్చుకున్నది ఒక్క రూపాయి. మన ఘాట్ రోడ్డు మీద మిగుల్చుకున్నది ఆరింట నాలుగు వంతులు.

ఇప్పుడు మన పిల్లలు రాయి కొట్టడానికి వెళ్లడం లేదు. పట్నంలో వాచ్‌మన్లుగా, హోటళ్లలో, గోదాముల్లో చేరుతున్నారు. మా మేనల్లుడు ఇంటర్ ఆపేసి ఒక చోట సెక్యూరిటీ గార్డుగా చేరాడు. చెప్పింది ఎనిమిది గంటలు, చేయించింది పన్నెండు. "అందరూ చేస్తున్నదే కదా మావయ్యా" అన్నాడు. ఆరణాల లెక్కే వాడికీ వేసి చూపించాను. రోజుకి నాలుగు గంటలు ఎక్కువ, అంటే రెండు రోజులకొక పూర్తి రోజు ఊరికే. 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచి 2019 వేతనాల కోడ్ దాకా అదనపు పనికి రెట్టింపు కూలి అనే రాసుంది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అడిగితే తీసేస్తారేమో" అన్నాడు. ఆ భయం నేను తీసేయలేకపోయాను. తీసేసినవాళ్లని చూశాను కూడా.

మర్నాటి నుంచి ఒక నోటుబుక్కులో వచ్చిన టైమూ, దిగిన టైమూ రాసుకోవడం మొదలుపెట్టాడు. జీతం పడిన మెసేజీలు చెరపలేదు. తనలాంటివాళ్లని ఇంకో ముగ్గుర్ని కూడగట్టి, నలుగురూ సంతకాలు పెట్టి మేనేజరుకి కాగితం ఇచ్చారు. ఆయన తీసుకోనన్నాడు. అక్నాలెడ్జిమెంటు పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. నెల దాటినా జవాబు లేకపోతే ఆ నోటుబుక్కు జిరాక్సు కలిపి లేబర్ ఆఫీసులో ఇచ్చారు. మొదటిసారి గుమస్తా కాగితం తీసుకుని వెళ్లమన్నాడట. మావాడు కదల్లేదు. రెండో కాపీ మీద స్టాంపు వేసి, తేదీ రాయించుకునే బయటికి వచ్చాడు.

విచారణ వాయిదా వచ్చే నెల. మొన్న ఊరొచ్చినప్పుడు ఆ కాపీని మడత విప్పి వాళ్లమ్మకి చూపించాడు. ఆమెకి చదువు రాదు. స్టాంపు మీద వేలు పెట్టి, "ఇది వాళ్లేశారా?" అని అడిగింది.