మనోవ్యాధికి మందు

మనోవ్యాధికి మందు లేదన్నారు మన పెద్దలు. మందు లేదన్నారే గాని, మాటలకి మాత్రం లోటు చెయ్యలేదు. బెంగ, దిగులు, గుబులు, కంగారు, గాభరా, హైరానా... ఒక్క అవస్థకి ఎన్ని పేర్లో చూడండి! మనోవ్యాధి అన్న పెద్ద మాటని కూడా నోట్లో నానబెట్టి 'మనాది' చేసేశాం. అమలాపురం, రాజోలు వైపు "ఆవిడకి మనాది పట్టుకుందండీ" అన్నారంటే ఇంక వివరం అక్కర్లేదు. తిండి సయించదు, నిద్ర పట్టదు, వీధి తలుపు చప్పుడైతే గుండె ఝల్లుమంటుంది.

కోనసీమలో బెంగకి కారణాలేమన్నా కరువా? అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కాళ్ళ దగ్గర సముద్రం. వరదొస్తే లంకలు మునుగుతాయి. 1995 జనవరిలో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు ఆరకుండా మండింది. మరుసటి ఏడు నవంబరు 6న వచ్చిన తుపాను కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ గొట్టం పేలింది. ఇవన్నీ ఒక ఎత్తయితే, పిల్లల్ని తల్లికప్పగించి కువైట్ వెళ్ళిన కూతురి ఫోను కోసం ఎదురుచూడటం ఇంకో ఎత్తు.

పూర్వం ఇలాంటి బెంగలకి తాయెత్తు కట్టించేవారు. దిష్టి తీసేవారు. కొత్త కోడలైతే పుట్టింటికి పంపేవారు. వీటిలో కొన్ని పనిచేశాయి కూడాను. పుట్టింట్లో నెల్లాళ్ళు కంటినిండా నిద్రపోతే ఏ మనాదైనా సగం తగ్గదూ!

అలాంటి మనోవ్యాధికి బిళ్ళలు, అరకులు పుట్టి నూట అరవై ఏళ్ళు దాటింది. ఆ చరిత్ర తిరగేస్తుంటే ఒక్క సంగతి మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. ప్రతి మందూ "పాతదాని లాంటిది కాదండీ, ఇది నిరపాయం" అంటూనే గుమ్మంలో అడుగుపెట్టింది. దాని అపాయం ఏమిటో మింగినవాళ్ళకే ముందు తెలిసింది. వాళ్ళు చెబితే నమ్మినవాళ్ళు తక్కువ.

మొదట వచ్చింది బ్రోమైడు. 1857లో లండన్‌లో చార్లెస్ లోకాక్ అనే వైద్యుడు, ఆయన విక్టోరియా రాణిగారికి పురుళ్ళు పోసిన డాక్టరు లెండి, కొందరు ఆడవాళ్ళ మూర్ఛలకి పొటాషియం బ్రోమైడు ఇస్తే తగ్గాయని చెప్పాడు. మూర్ఛకి వచ్చిన మందు మెల్లిగా నరాల నీరసానికీ, నిద్రపట్టకపోవడానికీ పాకింది. చిక్కల్లా ఏమిటంటే, తాగిన బ్రోమైడులో సగం ఒంట్లోంచి పోవడానికే పది పన్నెండు రోజులు పడుతుంది. రోజూ తాగితే పోయేది కొంత, పేరుకునేది కొండంత. ఒంటినిండా కురుపులు, మాట తడబాటు, మతిమరుపు, ఆఖరికి మతిభ్రమ. ఆ మతిభ్రమని చూసి జబ్బు ముదిరిందనుకుని ఇంకొంచెం బ్రోమైడు పోసిన సందర్భాలూ ఉన్నాయి!

1903లో జర్మనీలో ఎమిల్ ఫిషర్, ఫాన్ మెరింగ్ కలిసి వెరోనాల్ అనే నిద్రమందు తెచ్చారు. 1912లో దాని చెల్లెలు ఫినోబార్బిటాల్ వచ్చింది. మన ఇళ్ళల్లో గార్డినాల్ బిళ్ళ అంటారే, అదే. మూర్ఛకి ఇప్పటికీ మంచి మందు. కాని ఈ కుటుంబం మందులన్నిటికీ ఒక దుర్గుణం ఉంది. నిద్రపుచ్చే మోతాదుకీ, ప్రాణం తీసే మోతాదుకీ మధ్య దూరం బహు తక్కువ. మన నవలల్లో నాయికల చేతికి నిద్రమాత్రల సీసా అంత సులువుగా దొరకడం వెనక ఉన్న చరిత్ర ఇదే. మా రచయిత్రులం కథ నడపడానికి దాన్ని కాస్త ధారాళంగానే వాడుకున్నామనుకోండి.

ఇంతలో మన పెరటి వేరొకటి ప్రపంచాన్ని చుట్టొచ్చింది. సర్పగంధ. తెలుగులో పాతాళగంధి అని కూడా పేరు. పిచ్చెత్తినవాళ్ళకీ, నిద్రపట్టనివాళ్ళకీ మన నాటువైద్యులు ఎన్నో తరాలుగా ఇస్తున్న వేరే. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీన్ని ఉన్మాదానికీ, రక్తపు పోటుకీ మందుగా వైద్యపత్రికకెక్కించారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటు మీద దీని గుణం గురించి ఇంగ్లాండు పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీవాళ్ళు దాని సారం తీసి రిసర్పిన్ అన్నారు. రెండేళ్ళకి అమెరికా పిచ్చాసుపత్రుల్లో అది వాడుకలోకొచ్చింది. మన వేరు విదేశం వెళ్ళి బిళ్ళై తిరిగొచ్చిందన్నమాట. ముక్కు దిబ్బడ, మత్తు, కొందరికి కొత్తగా దిగులు అప్పుడే బయటపడ్డాయి. ఆ దిగులు మందువల్లేనా కాదా అన్న వాదం డాక్టర్లలో ఇప్పటికీ తెగలేదు. నాటుమందు కాబట్టి నిరపాయం అనుకునేవాళ్ళు ఈ కథ ఒకసారి తలుచుకోవాలి.

1955లో అమెరికాలో మిల్‌టౌన్ బిళ్ళ వచ్చింది. నిద్రపుచ్చదు, మనసుని మాత్రం నిమ్మళిస్తుంది అన్నారు. ఎంత గిరాకీ అంటే, "మిల్‌టౌన్ అయిపోయింది" అని మందుల షాపులవాళ్ళు బోర్డులు పెట్టుకోవలసొచ్చింది. కొన్నాళ్ళకి అదీ అలవాటుపడే మందేనని తేలింది. ఐరోపా మందుల సంస్థ 2012లో దాన్ని బజారులోంచి తీసేయమంది.

అసలు కథానాయకుడు ఆ తర్వాత వచ్చాడు. లియో స్టెర్న్‌బాక్ అని, హిట్లర్ బాధ పడలేక 1941లో యూరప్ నుంచి అమెరికా చేరిన రసాయన శాస్త్రజ్ఞుడు. కుర్రతనంలో పోలండులో రంగుల కోసం చేసిన పదార్థాల్నే మందులుగా మార్చి చూశాడు. ఏదీ పనిచెయ్యలేదు. 1957లో బల్లలు సర్దుతుంటే, పరీక్షకి పంపకుండా వదిలేసిన పొడి ఒకటి దొరికింది. పారెయ్యబోయి, పోనీ ఒకసారి చూద్దామని పంపారు. అదే 1960లో లిబ్రియం అయింది. 1963లో దాని తమ్ముడు డయజిపామ్, వేలియం పేరుతో వచ్చింది. 1978 ఒక్క ఏడాదిలో 200 కోట్ల వేలియం బిళ్ళలకి పైగా అమ్ముడుపోయాయి.

ఆ డయజిపామే 1960ల చివర రాన్‌బాక్సీ కంపెనీ చేతిలో 'కాంపోజ్' అయి మన దేశంలో దిగింది. తర్వాత దాని ప్రభ చెప్పేదేముంది! అమృతాంజనం సీసా పక్కనే కాంపోజ్ అట్ట ఉండేది. పెళ్ళిలో విడిది గొడవకి ఆడపెళ్ళివారి తల్లి ఒక బిళ్ళ, పరీక్షల ముందు కుర్రాడికి అర బిళ్ళ. "నిద్ర పట్టట్లేదా వదినా? నా దగ్గరుంది, సగం విరిచి వేసుకో" అని పప్పు బదులిచ్చినంత తేలిగ్గా ఇచ్చేసేవారు. ఇచ్చే చెయ్యి మంచిదే. ఎంతకాలం వేసుకోవాలి, ఎలా మానాలి అన్నది ఇచ్చేవాళ్ళకీ తెలియదు, పుచ్చుకునేవాళ్ళకీ తెలియదు.

ఇంతకీ ఇది లోపల చేసే పనేమిటి? మన మెదడులో గాబా అనే రసాయనం ఒకటుంది. పరిగెత్తే ఆలోచనలకి అది కళ్ళెం. ఈ బిళ్ళ ఆ కళ్ళేన్ని బిగిస్తుంది. గాభరాకి మందు గాబా అని గుర్తుపెట్టుకుంటే సరి! ఈ బిళ్ళ వెళ్ళి పట్టుకునే చోటు మెదడులో ఎక్కడుందో 1977 దాకా తెలియలేదు. అప్పటికి మందు పదిహేడేళ్ళుగా అమ్ముడవుతోంది.

అరగంటలో గుండెదడ తగ్గించే మాట నిజం. ఎవరికైనా హఠాత్తుగా ప్రాణం పోతున్నంత భయం కలిగినప్పుడు, ఫిట్స్ ఆగనప్పుడు, ఇది చేసే మేలు చిన్నది కాదు. కాని వేసుకోగా వేసుకోగా మెదడు ఆ అరువు కళ్ళేనికి అలవాటుపడి, సొంత కళ్ళెం వదులు చేస్తుంది. నిన్నటి బిళ్ళ నేడు చాలదు. ఒక్కసారిగా మానేస్తే గుర్రం తెగబడుతుంది. నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, పాత భయం రెండింతలై వస్తుంది, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి.

ఈ సంగతి 1961లోనే లియో హోలిస్టర్ అనే అమెరికా డాక్టరు లిబ్రియం మీద పరీక్షచేసి రాశాడు. పెద్దమోతాదు కదా, అందుకే అలా అయిందనుకుని ఊరుకున్నారు. మామూలు మోతాదు వాడి మానలేకపోతున్నామని చెప్పినవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు. "నీ జబ్బే తిరగబెట్టింది, మళ్ళీ వేసుకో" అన్నది వాళ్ళకి దొరికిన జవాబు. చివరికి ఇంగ్లాండులోని న్యూకాసిల్‌లో హెదర్ ఆష్టన్ అనే డాక్టరమ్మ 1982లో వీళ్ళ కోసమే ఒక క్లినిక్కు తెరిచి, పన్నెండేళ్ళు కూర్చుని వాళ్ళు చెప్పింది విన్నది. వాళ్ళు చెబుతున్నది జబ్బు సంగతి కాదు, మందు సంగతి అని గ్రహించింది. మోతాదు ఇంతింత చొప్పున, నెలల తరబడి ఎలా తగ్గించాలో లెక్కకట్టి రాసింది. 1988లో బ్రిటన్ మందుల భద్రతా సంఘం ఈ బిళ్ళలు రెండు నుంచి నాలుగు వారాలకి మించి వాడొద్దంది.

మన కాలవల మీద లాకులు చూశారు కదా. పైనీళ్ళకీ కిందినీళ్ళకీ మట్టం కలిసేదాకా ఆగి, అప్పుడు తలుపు తీస్తారు. తొందరపడి తీశారో, పడవ బోల్తా. మందు మానడమూ అంతే.

ఆ బోల్తా మన తెలుగునాటే జరిగింది. కోనసీమలో కల్లంటే కొబ్బరి గెల నుంచో తాటి గెల నుంచో దించిందే గుర్తొస్తుంది. తెలంగాణలో చెట్లు తగ్గి, తాగేవాళ్ళు పెరిగినచోట, కొందరు వ్యాపారులు కల్లులో మత్తుకోసం డయజిపామ్, అల్‌ప్రజోలం కలపడం మరిగారు. తాగేవాడికి తాను కల్లు తాగుతున్నానని తెలుసుగాని, ఏళ్ళ తరబడి గాభరా బిళ్ళ మింగుతున్నానని తెలియదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసి సరఫరా ఆపింది. చేసింది మంచిపనే. కాని నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఉన్నట్టుండి వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో పడిపోతూ ఆసుపత్రుల పాలయ్యారు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఇలాంటివాళ్ళతో నిండిపోయింది. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. దయ్యం పట్టిందన్నారు ఊళ్ళో కొందరు. దయ్యం కాదు, చెప్పకుండా తాగించి చెప్పకుండా ఆపేసిన మందు.

ఈ అల్‌ప్రజోలం 1981లో అమెరికాలో అమ్మకానికొచ్చింది. కాంపోజ్ కంటే త్వరగా దిగిపోతుంది. అందుకే మళ్ళీ వేసుకోవాలన్న తొందరా ఎక్కువే. మన దేశంలో 2014 మార్చి నుంచి ఈ కుటుంబం మందుల్ని హెచ్1 పట్టీలో చేర్చారు. చీటీ లేకుండా అమ్మకూడదు. రాసిన డాక్టరు పేరు, కొన్నవాళ్ళ పేరు షాపువాడు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్ళు దాచాలి.

గల్ఫ్ వెళ్ళే మన ఆడపడుచులకి మరో మాట. దుబాయి, అబుదాబి లాంటిచోట్ల ఇవి నిఘా ఉన్న మందులు. డాక్టరు చీటీ, ముందస్తు అనుమతి లేకుండా పెట్టెలో దొరికితే కేసవుతుంది. ఆవకాయ జాడీతోపాటు "నిద్ర పట్టకపోతే వేసుకోవే" అని అమ్మ ప్రేమగా పెట్టిన అట్ట కూతుర్ని జైలుకి పంపగలదు.

ఇప్పుడు చాలాకాలం ఉండే బెంగకి డాక్టర్లు ముందుగా రాసేవి వేరే రకం. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వగైరా. ఇవి అరగంటలో పనిచెయ్యవు. రెండు వారాల నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి, ఉన్న కంగారు ఇంకాస్త పెరగడం మామూలే. కొందరికి దాంపత్య సుఖం తగ్గుతుంది. చెప్పుకోలేక మందే మానేస్తారు. వీటినీ ఒక్కసారి మానకూడదు. కాంపోజ్ జాతి అయితే పగటిపూట మత్తు, మతిమరుపు ఉంటాయి. పెద్దవాళ్ళు రాత్రిపూట లేచి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మద్యంతో కలిస్తే ఊపిరే మందగిస్తుంది.

ఇదంతా చదివి మందంటే బెదిరిపోకండి. ఇప్పుడు వాడుతున్నవాళ్ళు రేపటినుంచి మానెయ్యకండి. అంతకంటే అపకారం ఉండదు. డాక్టరుగారి బల్ల ముందు నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. ఇది ఏ రకం? ఎన్నాళ్ళు వాడాలి? ఏం బాధలు రావచ్చు? మానేటప్పుడు ఎలా మానాలి? "ఆయ్, అలాగేనండి" అని చీటీ పుచ్చుకుని లేచొచ్చే మర్యాద మనకి మెండు. ఆ మర్యాద పక్కనబెట్టి ఇంకో రెండు నిమిషాలు కూర్చోవాలి. డాక్టరు దొరకని వేళ మాట్లాడటానికి 2022 నుంచి 14416 అనే టెలిమానస్ ఫోను ఉంది. తెలుగులోనే చెప్పుకోవచ్చు, డబ్బులక్కర్లేదు.

మనోవ్యాధికి మందు లేదన్న సామెత ఇప్పుడు చెల్లదు. మందుంది. ఆ మందుకి తోడుగా, మింగినవాళ్ళు చెప్పేది వినే మనిషి కూడా ఉండాలి. నూట అరవై ఏళ్ళలో బిళ్ళలు చాలా మారాయి. వినే మనిషి కరువు మాత్రం ఇంకా తీరలేదు.