గర్భిణులలో కోవిడ్-19

గర్భధారణ కాలంలో గాని, ప్రసవ సమయంలో గాని, బాలింత దశలో గాని స్త్రీకి సార్స్-కోవ్-2 అనే కరోనా వైరస్ సోకడాన్ని గర్భిణులలో కోవిడ్-19 అంటారు. ఈ వ్యాధి 2019 చివరలో చైనాలోని వుహాన్ నగరంలో మొదట గుర్తించబడినది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా పేర్కొన్నది. అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి 2023 మే 5న ముగిసినది. వ్యాధి సోకిన గర్భిణులలో అధిక సంఖ్యాకులు స్వల్ప లక్షణాలతోనే కోలుకున్నారు. అయినను అదే వయసు గల ఇతర స్త్రీలతో పోల్చినపుడు వీరిలో వ్యాధి తీవ్రమయ్యే అవకాశం హెచ్చు. శిశువుకు వైరస్ నేరుగా సోకడం అరుదు. శిశువులకు కలిగిన హానిలో ఎక్కువ భాగం తల్లి అనారోగ్యం వలన, మాయ దెబ్బతినడం వలన, నెలలు నిండక ముందే కాన్పు కావడం వలన కలిగినదే.

గర్భిణి శరీరంలో మార్పులు

గర్భం పెరిగే కొద్దీ గర్భాశయం ఉదరవితానాన్ని పైకి నెడుతుంది. ఊపిరి విడిచిన తరువాత ఊపిరితిత్తులలో నిలిచి ఉండే గాలి తగ్గుతుంది. మరొక ప్రక్క తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణవాయువు కావలసి ఉంటుంది. అందుచేత న్యుమోనియా వచ్చినపుడు గర్భిణి రక్తంలో ప్రాణవాయువు త్వరగా పడిపోతుంది. రక్తం గడ్డకట్టే గుణం గర్భంలో సహజంగానే పెరుగుతుంది. కాన్పు సమయంలో అధిక రక్తస్రావం కాకుండా ఇది కొంత రక్షణ. కోవిడ్ కూడా రక్తనాళాలలో గడ్డలు ఏర్పరచే వ్యాధి కావడం వలన ఈ రక్షణయే ప్రమాదంగా పరిణమించే వీలు కలదు.

గర్భిణికి రోగనిరోధక శక్తి నశిస్తుందని జనంలో ఒక అభిప్రాయం ఉన్నది. ఇది సరికాదు. గర్భస్థ శిశువును పరాయి పదార్థంగా ఎంచి త్రోసివేయకుండా ఆ వ్యవస్థ తన తీరును మార్చుకుంటుంది, అంతే. 1918, 2009 సంవత్సరాల ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారులలో కూడా గర్భిణులు ఎక్కువగా దెబ్బతిన్నారు. స్థూలకాయం, మధుమేహం, రక్తపుపోటు ఉన్నవారికి, 35 ఏళ్ళు దాటినవారికి ముప్పు మరింత ఎక్కువ.

తొలి నివేదికలు, తరువాతి గణాంకాలు

2020 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో వుహాన్‌లోని జోంగ్నాన్ ఆసుపత్రి వైద్యులు 9 మంది గర్భిణుల వివరాలు ప్రచురించారు. తల్లులలో ఎవరూ మరణించలేదు. వారిలో 6 మంది ఉమ్మనీటిని, బొడ్డుతాడు రక్తాన్ని, పాలను, శిశువుల గొంతు నుండి తీసిన నమూనాలను పరీక్షించగా వైరస్ కనిపించలేదు. ఈ ఫలితం ఎందరికో ఊరటనిచ్చినది. కాని ఆ 9 మందీ చివరి మూడు నెలలలో ఉన్నవారే. అంత చిన్న సంఖ్యలో అరుదైన ప్రమాదం బయటపడదు.

పెద్ద సంఖ్యలు చేతికి వచ్చిన తరువాత చిత్రం మారినది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2020 నవంబరులో ప్రకటించిన వివరాల ప్రకారం, లక్షణాలున్న రోగులలో ప్రతి 1000 మంది గర్భిణులకు 10.5 మంది ఇంటెన్సివ్ కేర్‌లో చేరగా, గర్భిణులు కానివారిలో ఆ సంఖ్య 3.9. వెంటిలేటర్ అవసరమైనవారు 2.9, 1.1 చొప్పున ఉన్నారు. 2021 ఏప్రిల్‌లో వెలువడిన ఇంటర్‌కోవిడ్ అధ్యయనం 18 దేశాలలో వ్యాధి సోకిన 706 మంది గర్భిణులను, సోకని 1,424 మందితో పోల్చినది. సోకినవారిలో నెలలు నిండని కాన్పులు సుమారు ఒకటిన్నర రెట్లు ఉన్నాయి. ప్రీఎక్లాంప్సియా, అనగా గర్భిణులలో రక్తపుపోటు పెరిగి అవయవాలు దెబ్బతినే వ్యాధి కూడా ఎక్కువగా కనిపించినది. తల్లుల మరణం 22 రెట్లని ఇదే అధ్యయనం తెలిపినది. పత్రికలు ఈ సంఖ్యను విరివిగా ప్రచురించాయి గాని, లెక్కకు ఆధారమైన మరణాలు కొద్దే కనుక దీనిని జాగ్రత్తగా గ్రహించవలసి ఉన్నది.

మాయ, గర్భస్థ శిశువు

తల్లి నుండి గర్భస్థ శిశువుకు మాయ ద్వారా వైరస్ చేరగలదని 2020 జులైలో ఫ్రాన్సు వైద్యులు ఒక శిశువు విషయంలో నిర్ధారించారు. అయితే ఇది అరుదు. అనేక అధ్యయనాలను కలిపి 2022లో చేసిన విశ్లేషణలో, వ్యాధి సోకిన తల్లులకు పుట్టిన శిశువులలో 1.8 శాతం మందికి మాత్రమే పరీక్షలో వైరస్ కనిపించినది. వారిలో కొందరికి కాన్పు తరువాత సోకి ఉండవచ్చును.

వైరస్ శిశువును చేరకపోయినా మాయను పాడుచేయగలదు. కొందరిలో మాయ కణాలు చనిపోయి, వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే పదార్థం పేరుకొని, తల్లి రక్తం నుండి శిశువుకు ప్రాణవాయువు అందే దారి మూసుకుపోయినది. తల్లికి పెద్దగా జబ్బు చేయకపోయినా ఇట్లు జరిగిన సందర్భాలున్నాయి. 2020 మార్చి నుండి 2021 సెప్టెంబరు వరకు అమెరికాలో జరిగిన 12 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించగా, కోవిడ్ ఉన్నవారిలో మృతశిశు జననాలు 1.26 శాతం, లేనివారిలో 0.64 శాతం. డెల్టా రకం వ్యాపించిన కాలంలో ఈ తేడా నాలుగు రెట్లయినది.

భారతదేశంలో రెండవ ఉధృతి

భారత వైద్య పరిశోధనా మండలి నిర్వహించిన ప్రెగ్‌కోవిడ్ రిజిస్ట్రీ మొదటి ఉధృతిలోని 1,143 మందిని, రెండవ ఉధృతిలోని 387 మందిని పోల్చినది. వీరు గర్భిణులు, బాలింతలు. లక్షణాలు కనిపించినవారు 14.2 శాతం నుండి 28.7 శాతానికి, మరణాలు 0.7 శాతం నుండి 5.7 శాతానికి పెరిగాయి. ఇవి ఆసుపత్రులకు వచ్చినవారి లెక్కలు కనుక దేశంలోని గర్భిణులందరికీ వర్తించవు. కాని రెండు ఉధృతుల నడుమ తేడా స్పష్టమే.

ఆ సమయానికి టీకా దేశంలో ఉన్నది. 2021 జనవరి 16న టీకా కార్యక్రమం మొదలైనది. అయితే టీకాల తొలి పరీక్షలలో గర్భిణులను చేర్చుకోలేదు. సమాచారం లేనందున గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు టీకా వేయరాదని ప్రభుత్వం నిర్ణయించినది. పాలిచ్చే తల్లులకు మే 19న, గర్భిణులకు జులై 2న అనుమతి లభించినది. తీవ్రమైన ఏప్రిల్, మే నెలలు ఈ నడుమనే గడిచిపోయాయి. గర్భిణిని కాపాడవలెననే ఉద్దేశంతో పరీక్షల నుండి మినహాయించడం ఆమెకు రక్షణ ఆలస్యం కావడానికి కారణమైనదని పలువురు వైద్యులు విమర్శించారు. బ్రిటన్ 2021 ఏప్రిల్ 16న గర్భిణులకు ఫైజర్, మోడెర్నా టీకాలను సిఫారసు చేసినది. అప్పటికి అమెరికాలో టీకా పొందిన వేలాది గర్భిణుల సమాచారం దానికి ఆధారం.

టీకా వలన గర్భస్రావాలు పెరగలేదని తరువాతి అధ్యయనాలు తెలిపాయి. తల్లిలో ఏర్పడిన ప్రతిరక్షకాలు మాయ ద్వారా శిశువుకు చేరుతాయి. ఆరు నెలల లోపు శిశువులకు టీకా లేదు కనుక ఇది ముఖ్యం. గర్భంలో రెండు మోతాదుల ఎంఆర్ఎన్ఏ టీకా పొందిన తల్లుల శిశువులు కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరే అవకాశం 61 శాతం తగ్గినదని 2022 ఫిబ్రవరిలో అమెరికాలో తేలినది.

తల్లిపాలు

మహమ్మారి తొలి నెలలలో చైనాలో వ్యాధి సోకిన తల్లుల నుండి శిశువులను 14 రోజులు వేరుగా ఉంచేవారు. అమెరికా శిశువైద్యుల సంఘం కూడా మొదట వేరుచేయమని సూచించి, 2020 జులైలో ఆ సూచనను మార్చుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం తల్లి మాస్కు ధరించి, చేతులు కడుగుకొని పాలివ్వవలెనని సూచించినది. పాల ద్వారా వ్యాధి సోకినట్లు ఆధారాలు లభించలేదు. పైగా ముర్రుపాలలోను, తరువాతి పాలలోను ప్రతిరక్షకాలు ఉంటాయి. బరువు తక్కువ శిశువులను తల్లి గుండెకు హత్తుకొని ఉంచే కంగారూ పద్ధతి కొనసాగితే 1,25,000కు పైగా శిశువుల ప్రాణాలు దక్కగలవని 2021లో ఆ సంస్థ పరిశోధకులు అంచనా వేశారు.

వైద్య సేవలకు అంతరాయం

వైరస్ సోకని తల్లీబిడ్డలు కూడా నష్టపోయారు. నేపాల్‌లోని తొమ్మిది ఆసుపత్రులలో 2020 లాక్‌డౌన్ కాలంలో కాన్పులు సగానికి పైగా తగ్గాయి. మృతశిశు జననాలు 1000కి 14 నుండి 21కి, నవజాత శిశు మరణాలు 13 నుండి 40కి పెరిగాయి. రవాణా లేక, భయం వలన ఆసుపత్రికి రాని స్త్రీలు ఈ లెక్కలో లేరు. కట్టడి ప్రాంతాల నుండి వచ్చిన గర్భిణులను ఆసుపత్రులు చేర్చుకోకపోవడంపై తెలంగాణ హైకోర్టు 2020లో విచారణ జరిపినది. పరీక్ష ఫలితం లేదనే కారణంతో అత్యవసర కాన్పును ఆలస్యం చేయరాదని వైద్య పరిశోధనా మండలి సూచనలలో ఉన్నది.

చికిత్స, తరువాతి స్థితి

రక్తంలో ప్రాణవాయువు 95 శాతానికి తగ్గకుండా చూడడం ముఖ్యం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు రికవరీ పరీక్షలో గర్భిణులను కూడా చేర్చుకొని, డెక్సామెథసోన్‌కు బదులుగా ప్రెడ్నిసలోన్ లేక హైడ్రోకార్టిసోన్ ఇచ్చారు. మోల్నుపిరావిర్ గర్భిణులకు తగదు. కోవిడ్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయనవసరం లేదు.

2021 చివర వచ్చిన ఒమిక్రాన్ రకంతో, అప్పటికి పెరిగిన రోగనిరోధకతతో తీవ్రమైన జబ్బు తగ్గినది. 2025 మేలో అమెరికా ఆరోగ్య శాఖ ఆరోగ్యవంతులైన గర్భిణులకు టీకా సిఫారసును తొలగించగా, ఆ దేశపు ప్రసూతి వైద్యుల సంఘం దానితో విభేదించి తన సిఫారసును కొనసాగించినది.