మన్యపు బాటలు

నేను తొలుత అరకు సంతకు బయలుదేరినప్పుడు, దారి చూప వచ్చిన వృద్ధుడు "ఏ బాటను పోదము బాబూ?" అని నన్నే యడిగెను. కొండ చుట్టి పోవునది, వాగు దాటునది, గట్టుమీదుగా సాగునది, మూడు బాటలుండెను. మన్యమున పల్లెకును పల్లెకును బాటలు వలవలె అల్లుకొని యుండెడివి. ఒక పోగు తెగినను వల నిలుచును.

ఘాటురోడ్డు అట్టిది కాదు, చెట్టుమాను వంటిది. ఒక కొమ్మనుండి వేఱొక కొమ్మకు పోవలెనన్న మ్రానికి దిగి రావలసినదే. దాని పుట్టుకయు మంచిది కాదు. నర్సీపట్టణమునుండి చింతపల్లికి దారి వేయుటకై గూడెము డిప్యూటీ తహశీలుదారు బాస్టియన్ కొండవారిచేత చాలీచాలని కూలికి చాకిరి చేయించెను. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాను ముట్టడించుటకు ఆ కడుపుమంటయు నొక కారణము.

వానకాలమున చరియ విఱిగి రోడ్డుపై బడెనా, బండ్లన్నియు నిలిచిపోవును. రోడ్డెక్కని గూడెములవారు రోగిని డోలీలో మోసికొని దిగుటకు నేటికిని కాలిబాటయే దిక్కు.

విశాఖపట్టణమునను ఇదియే చూచితిని. పాత ఊరి సందులలో ఒకటి మూసినను మఱొకటి తెఱచియుండును. శివారున వెలసిన కొన్ని క్రొత్త పేటలకు ద్వారమొక్కటే. గోడకావలి బంధువునింటికి నేను మైలు నడిచితిని!

మొన్న మరల అరకు పోతిని. ఆ మూడు బాటలలో రెంటిని పొదలు కప్పివేసినవి.