వలసదారు, వలసవాది
“ఇటలీ వలసవాదులు పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు” అని ఓ ఆటల పేజీలో చదివి మనసు చివుక్కుమంది. 1914లో బ్రెజిల్‌లోని సావో పాలోలో పాలెస్ట్రా ఇటాలియా పెట్టింది పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లు. 1942లో, యుద్ధకాలంలో, ఇటలీ పేరు ఉంచుకోనివ్వకపోతే అదే పాల్మెయిరాస్ అయింది. వాళ్లు వలసదారులు. ‘దారు’ పారసీ నుంచి వచ్చిన ప్రత్యయం, కౌలుదారు, హక్కుదారుల్లో ఉన్నదే. ‘వాది’ తగిలించామా, పరాయి నేలను ఏలేవాడైపోతాడు. వలస మాత్రం మన పాత మాటే. తమిళంలో వలసై, కన్నడంలో వలసె. బ్రౌన్ నిఘంటువులో దీని అర్థం శత్రుసేనకు భయపడి ఊరు విడిచిపోవడం. ఇప్పుడు కూలికి పోయినా వలసే, కొంగలు వచ్చినా వలసే, నాయకుడు పార్టీ మారినా వలసే. ఉత్తరాంధ్రలో అది ఊరి పేరు కూడా: ఆమదాలవలస, కొత్తవలస. పారిపోవడాన్ని చెప్పిన మాటే స్థిరపడ్డ చోటుకూ పేరైంది, ఎంత చక్కని సంగతి! ఆ పాత అర్థం చచ్చిపోలేదు. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో, కొంట ప్రాంతాన, తెలుగు పేరున్న గొల్లపల్లి ఉంది. 2005 తర్వాత, మావోయిస్టుల మీదికి జనాన్ని ఆయుధాలతో దింపిన సల్వాజుడుం రోజుల్లో, ఆ చుట్టుపక్కల పల్లెల నుంచి ఆదివాసీలు తుపాకులకు జడిసి భద్రాచలం అడవుల్లోకి వచ్చారు. చెట్ల మధ్య తడికల గుడిసెలు, వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు. బ్రౌన్ రాసుకున్న వలస అచ్చంగా అదే. ఆ గుడిసెల్లోని మనిషిని వలసవాది అనగలమా?