బందరు కాలువలో ఆవిరి ఎందుకు నిలవలేదు?

1856 సెప్టెంబరు 5న అమెరికాలోని మిస్సోరీ నదిలో, నీటి కింద దాగిన చెట్టుమొద్దు తగిలి అరేబియా అనే స్టీమరు మునిగింది. 1988లో దాన్ని తవ్వడం మొదలుపెట్టింది నదిలో కాదు, పొలంలో. ఏరు అప్పటికే అర మైలు పక్కకు తొలగిపోయింది. ఆ ఓడ మునగడానికి ఏడాది ముందే, 1855లో, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. రైలు కన్నా ఆవిరి పడవల కాలువలే దేశానికి చవకని ఇంజనీరు ఆర్థర్ కాటన్ ఏళ్ళ తరబడి వాదించాడు. అయినా బందరు, గుడివాడ, ముదినేపల్లి వైపు సరుకు చాలావరకు తెరచాప, గెడ, గట్టు మీద మనిషి లాగే తాడు మీదే నడిచింది. కారణం నీళ్ళమీది హక్కులోనే ఉంది. మిస్సోరీ తన ఒడ్డు తాను కోసుకున్నా పట్టించుకునేవాడు లేడు. మన కాలువగట్టు అవతల వరిచేను ఉంది. యంత్రం రేపే అల మట్టిగట్టును కోసేస్తుంది. లాకు దగ్గర ఆగి, నీటిమట్టం సరిపడేదాకా కాచుకునే పడవకు వేగం దండగ. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తే బాయిలరు రేవులో తుప్పు పట్టాల్సిందే. కాలువ తవ్వింది పైరు కోసం. పడవ అందులో అద్దెకున్నట్టే.

రైలే పడవను చంపింది కదా అనవచ్చు. పైగోదావరి విషయంలో ఆ మాట సగం నిజం: 1867లోనే నాగపూరు చేరిన రైలు పత్తిని బొంబాయికి లాక్కుపోయింది, 1871లో గోదావరి ఎగువన పడవలు నడపాలన్న జలమార్గ పథకాన్ని వదిలేశారు. కానీ బెజవాడ నుంచి బందరుకు రైలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోగానీ రాలేదు. ఆనకట్ట కట్టిన తరవాత అర్ధ శతాబ్దం పాటు ఆవిరికి ఇక్కడ పోటీ లేదు, అయినా అది నిలవలేదు.

పోనీ, ఓడలు పగలని చోట బతుకు భద్రమేగా అంటారా? అమెరికాలో సుల్తానా అనే స్టీమరు బాయిలరు పేలిన ఒక్క ప్రమాదంలోనే 1865లో వెయ్యిమందికి పైగా పోయారు, నిజమే. మన కాలువలో అలాంటిది జరగలేదని మురిసిపోవచ్చు. అయితే ఇక్కడ ఓడ మునగక్కర్లేదు, సముద్రమే ఊళ్ళోకొస్తుంది. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేనంత లోతు తక్కువ తీరం బందరుది. సరుకంతా చిన్న పడవల మీద దింపుకునేవారు. ఆ మెరక తీరమే ఉప్పెనను ఎత్తి ఊరి మీద పోస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి అలాంటి ఉప్పెనలో బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదా అలాగే ఉప్పెన విరుచుకుపడింది.