మట్టితట్ట అందుకున్న బాలుడు

దేవాలయ వార్షికోత్సవ సంచికలో చరిత్ర వ్యాసమంటే శంకుస్థాపన, ప్రతిష్ఠ, కుంభాభిషేకం, దాతల నామావళి ఉండడం ఆనవాయితీ. అవి ఉండవలసినవే. ఈ దేశపు తొలి హిందూ దేవాలయంగా పేరొందిన శ్రీ మందిరం 1977లో సిడ్నీ నగరంలోని ఆబర్న్ పేటలో వెలసింది. 1985లో హెలెన్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వరస్వామి కొలువుదీరాడు. ఈ రెండింటి వెనుక ఎందరి శ్రమ ఉన్నదో మీ తల్లిదండ్రులు మీకు చెప్పే ఉంటారు.

ఈసారి నేను మరొక చరిత్ర చెప్పదలచాను. అది ప్రాకారం లోపలి కంటే వెలుపల ఎక్కువగా జరిగిన చరిత్ర. పేటలో, వాగు ఒడ్డున, రక్తదాన కేంద్రంలో సామాన్యులు జీతం ఆశించకుండా చేసిన పనుల చరిత్ర. ఈ నేల మీద పుట్టి పెరిగిన మిమ్మల్ని ఉద్దేశించి దీనిని రాస్తున్నాను. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

మొదట తిరుమలకు వెళదాం. శ్రీరంగంలో భగవద్రామానుజులు ఒకనాడు శిష్యులను చూసి, తిరుమల కొండపై ఉండి స్వామికి పుష్పకైంకర్యం చేయగలవారెవరని అడిగారట. కొండ చలికి, అడవి దారికి జంకి అందరూ మౌనం వహించగా అనంతాళ్వారు ఒక్కడే లేచి నిలిచాడు. భార్యతో కొండకు చేరి పూలతోట వేశాడు. తోటకు నీరు కావాలని చెరువు తవ్వసాగాడు. ఆయన తవ్వితే, నిండు గర్భిణి అయిన ఆమె మట్టితట్టను మోసేది. ఆమె అవస్థ చూసి ఒక బాలుడు వచ్చి, తాను సాయపడతానన్నాడు. అనంతాళ్వారు ఒప్పుకోలేదు. గురువు ఆజ్ఞాపించిన సేవలో పరులకు వాటా ఇవ్వనన్నాడు. బాలుడు ఆయన కంటపడకుండా ఆ తల్లి చేతి తట్టను అందుకుని మోశాడు. అది గమించిన ఆళ్వారు కోపంతో గునపం విసిరితే బాలుని గడ్డానికి తగిలింది. బాలుడు పరుగెత్తి మాయమయ్యాడు. తరువాత గర్భాలయంలో చూస్తే స్వామి గడ్డం నుండి రక్తం కారుతున్నది. ఆళ్వారు విలపిస్తూ పచ్చకర్పూరం అద్దాడు. నేటికీ స్వామి చుబుకం మీద కర్పూరం అలంకరించడానికి ఈ కథనే కారణంగా చెబుతారు. ఆ గునపాన్ని ఆలయ మహాద్వారం వద్ద గోడకు వేలాడదీసి ఉంచారు.

భక్తి ఎంత గాఢమైనదో చెప్పడానికి ఈ కథను చెబుతారు. నా చిన్ననాడు నేనూ అలాగే విన్నాను. ఇప్పుడు నాకు దానిలో మరొక అర్థం కనిపిస్తున్నది. సాయం చేయడానికి వచ్చిన పిల్లవాడిని తరిమివేసిన పెద్దమనిషి కథ అది. పెద్దమనిషి చెడ్డవాడు కాడు. ఆయన నిష్ఠలో లోపం లేదు. ఆ నిష్ఠే చేతి గునపమైంది.

నేనూ ఒకసారి ఆ గునపం విసిరాను. చాలా ఏళ్ల క్రితం ఒక పండుగనాడు మన అన్నదానం వరుసలో పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు వచ్చి, “ఆంటీ, నేను వడ్డించనా?” అని తనకు వచ్చిన తెలుగులో అడిగాడు. వందలమంది వేచి ఉన్నారు. నేను తొందరలో ఉన్నాను. “వద్దు నాన్నా, సాంబారు ఒలకపోస్తావు, వెళ్లి కూర్చో” అన్నాను. వాడు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు వాడి తల్లి కనబడితే కుశలమడిగాను. రాష్ట్ర అత్యవసర సేవాదళంలో, అంటే మీరు ఎస్‌ఈఎస్ అని పిలిచే దానిలో, స్వచ్ఛంద సేవకుడిగా చేరాడని, గాలివానలు వచ్చినప్పుడు నారింజరంగు దుస్తులు వేసుకుని ఇళ్ల కప్పుల మీద టార్పాలిన్లు కప్పుతున్నాడని ఆమె గర్వంగా చెప్పింది. నేనూ సంతోషించాను. కాని ఇంటికి వచ్చాక ఆలోచన వదలలేదు. వాడికి సేవాబుద్ధి కొరవడలేదు. దానికి చోటిచ్చింది మనం కాదు.

పిల్లలకు పని అప్పగిస్తే ఏమవుతుందో చూపే ఉదంతం మన తెలుగునాట ఉన్నది. 1923 డిసెంబరులో కాకినాడలో జాతీయ కాంగ్రెసు మహాసభలు జరిగాయి. వాటితోపాటు ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద పద్నాలుగేళ్ల బాలికను సేవకురాలిగా నిలిపారు. టిక్కెట్టు లేనిదే ఎవరినీ లోపలికి పంపవద్దన్నది ఆమెకిచ్చిన ఉత్తరువు. జవాహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండా వస్తే ఆమె ఆపివేసింది. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనిచ్చిన తరువాతనే లోపలికి విడిచింది. నెహ్రూ ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకున్నాడు. ఆమె దుర్గాబాయి. అప్పటికే ఆమె స్త్రీలకు హిందీ నేర్పే పాఠశాల నడుపుతున్నది.

ఆ ద్వారం దగ్గర నిలబడిన బాలికే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు అంకురార్పణ చేసింది. మొదట అది భవనాలతో మొదలైన సంస్థ కాదు. చదువు మధ్యలో ఆగిపోయిన తెలుగు స్త్రీలను కూడగట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయం వారి మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం దాని తొలి పనులలో ఒకటి. పేటలోని స్త్రీల అవసరం నుండి పుట్టిన ఆ పని పాఠశాలలుగా, వసతిగృహాలుగా, నర్సుల శిక్షణగా, ఆసుపత్రులుగా విస్తరించింది. దుర్గాబాయి రాజ్యాంగ నిర్మాణసభలో సభ్యురాలైంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైంది. గమనించండి: కాకినాడ పెద్దలు ఆ అమ్మాయికి కుర్చీలు సర్దే పని ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు. ద్వారం అప్పగించారు. ఆమె మాట చెల్లేటట్లు చేశారు.

ఇక మీ నగరానికి వద్దాం. సిడ్నీ పడమటి పేటలలో, మనవారు ఎక్కువగా నివసించే గిరవీన్, పెండిల్ హిల్, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల టూంగాబీ వాగు పారుతుంది. ఆ పేరు ధారుగ్ జనుల భాషలోనిది. నీటి చెంతనున్న చోటని దాని అర్థంగా చెబుతారు. ఈ వాగు డార్లింగ్ మిల్స్ వాగుతో కలిసి పారమట్టా నదిగా మారి, సిడ్నీ రేవులోకి ప్రవహిస్తుంది. మన వీధిలో పడిన ప్లాస్టిక్ సంచి వానకు కొట్టుకుపోయి, కాలువలో పడి, వాగులో చేరి, చివరకు ఒపెరా హౌస్ ముందున్న నీటిలో తేలగలదు.

ఆ నీటిని శుభ్రపరచాలని పూనుకున్నవాడు ఇయాన్ కీర్నన్ అనే కట్టడాల వ్యాపారి, నావికుడు. 1986-87లో జరిగిన ఒంటరి భూప్రదక్షిణ పడవ పందెంలో ఆయన సార్గాసో సముద్రానికి చేరాడు. ఎన్నో ఏళ్లుగా చూడాలని కలలుగన్న ఆ జలాలలో చెత్త తేలుతూ కనబడింది. తిరిగి వచ్చి తన ఊరి రేవుతోనే మొదలుపెట్టాడు. 1989 జనవరి 8న సిడ్నీ రేవు శుభ్రం చేయడానికి రమ్మంటే 40,000 మంది వచ్చారు. తుప్పుపట్టిన కార్లు, సీసాలు, ప్లాస్టిక్, సిగరెట్ పీకలు, అన్నీ కలిపి సుమారు 5,000 టన్నుల చెత్త తీశారు. మరుసటి ఏడే అది దేశమంతటా జరిగే దినమైంది. ఆ ఏడు దాదాపు 3 లక్షలమంది పాల్గొన్నారు. మార్చి మొదటి ఆదివారం మీరు ‘క్లీన్ అప్ ఆస్ట్రేలియా డే’ అని పిలిచేది ఇదే. బడిపిల్లలకు దానికి ముందు శుక్రవారం ప్రత్యేకంగా ఉంటుంది. దీని బలమంతా దీని సులువులో ఉన్నది. ఎవరైనా తమ పేటలో ఒక చోటును ఎంచుకుని నమోదు చేసుకోవచ్చు. చేతితొడుగులు, సంచులు ఇస్తారు. పెద్దమనుషుల పరిచయం అక్కరలేదు.

నేను మొదటిసారి ఆ పనికి వెళ్లి వచ్చిననాడు, అప్పట్లో మా ఇంట ఉన్న మా అత్తగారు నా బూట్ల బురద చూసి, “డాక్టరు చదివి, దేశంకాని దేశం వచ్చి, వీధిలో చెత్త ఎత్తడమేమిటమ్మా?” అన్నారు. ఆమెను నేను తప్పుపట్టలేదు. గుడి ముంగిట చీపురు పట్టడం కైంకర్యమని నేర్పిన మన సమాజమే, వీధిలో చీపురు పట్టే పనిని కొన్ని కులాలవారి నెత్తిన వేసి, ఆ పని చేసినందుకే వారిని దూరంగా ఉంచింది. ఈ రెండూ మన చరిత్రే. మొదటిదానిని మీకు బోధించి రెండవదానిని దాచడం న్యాయం కాదు. ఆ రోజు వాగు ఒడ్డున నా సంచిలోకి వచ్చిన వాటిలో అగరుబత్తుల పెట్టె ఒకటి, ప్లాస్టిక్ పూలదండ ఒకటి ఉన్నాయి. చెత్తలో కొంత మనదేనని అత్తగారికి చెప్పాను. ఆమె కొంతసేపు ఊరకుండి, మరుసటి ఏడు తనకూ ఒక జత చేతితొడుగులు తెమ్మన్నారు.

వైద్యురాలిగా మరొక సేవ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం నాకు అసంపూర్ణమే. 1951లో పద్నాలుగేళ్ల ఆస్ట్రేలియా బాలుడు జేమ్స్ హారిసన్‌కు ఊపిరితిత్తుల శస్త్రచికిత్స జరిగింది. ఊరూ పేరూ తెలియని దాతల రక్తంతో బతికాడు. పద్దెనిమిదేళ్లు నిండగానే తానూ ఇస్తానని సంకల్పించి, 1954లో మొదలుపెట్టాడు. ఆయన రక్తంలో అరుదైన ప్రతిరక్షకం ఉన్నదని తరువాత తేలింది. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్, గర్భంలోని బిడ్డ రక్తం ఆర్‌హెచ్ పాజిటివ్ అయినప్పుడు, తల్లి శరీరం బిడ్డ రక్తకణాలను శత్రువులుగా భావించి నాశనం చేసే ప్రమాదం ఉంటుంది. దానిని నివారించేది యాంటీ-డి అనే మందు. అది ఇలాంటి దాతల ప్లాస్మా నుండే తయారవుతుంది. హారిసన్ 2018 వరకు 1,173 సార్లు దానం చేశాడు. ఆయన ప్లాస్మాతో తయారైన మందు 24 లక్షలమంది శిశువులకు రక్షణనిచ్చిందని లెక్క. 2025 ఫిబ్రవరిలో, 88వ ఏట నిద్రలోనే కన్నుమూశాడు.

ఇందులో మన పాత్ర ఏమిటని అడుగుతారు. రక్తవర్గాలు జాతులను బట్టి కొంత మారుతూ ఉంటాయి. బి వర్గం ఈ దేశంలో మొత్తంమీద తక్కువ, మనవారిలో సర్వసాధారణం. 1952లో బొంబాయిలో తొలిసారిగా గుర్తించిన ‘బాంబే’ వర్గం అత్యంత అరుదైనది. అది ఎక్కువగా దక్షిణాసియా మూలాలున్న వారిలోనే కనబడుతుంది. అటువంటి రోగికి అదే వర్గం రక్తం కావాలి, ఓ వర్గం కూడా పనికిరాదు. అంటే దాతల వరుసలో మనవారు లేకపోతే, మనవారికి అవసరమైన రోజున వైద్యుడు నిస్సహాయుడవుతాడు. ఇండియా వెళ్లి వచ్చాక మలేరియా కారణంగా కొన్ని నెలలు పూర్తి రక్తం తీసుకోరు. ప్లాస్మా అయితే ఇవ్వవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది మానుకుంటారు. పద్దెనిమిదేళ్లు నిండినవారు మీరు. ఈ వరుసలో ముందు నిలబడవలసినవారు మీరే.

2016 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు ఈ దేశంలో 34 వేల పైచిలుకు. 2021లో దాదాపు 59 వేలు. మన సంఖ్య పెరుగుతున్నది. కాని గుడిలో గంటెలు పట్టిన చేతులు మాత్రం నాటివే, ముడతలు పడినవి. నా తరంవారి మోకాళ్ల సంగతి నా వైద్యశాలలో నాకు తెలుస్తూనే ఉన్నది. మీరు రావడం లేదని మేము నిట్టూరుస్తాం. వచ్చినవారిని ఎలా పంపించామో మాత్రం మరచిపోతాం.

కనుక ఈ సంచిక ముఖంగా తోటి పెద్దలకు ఒక మనవి చేస్తున్నాను. వచ్చే మార్చి శుభ్రతాదినం, ఏడాది పొడుగునా రక్తదాన బృందం, నెలకొక అన్నదానం, ఈ మూడింటినీ పూర్తిగా యువతరానికి అప్పగిద్దాం. నమోదు వారి పేరున, ఖర్చు లెక్క వారి చేతిలో, వంటశాల తాళంచెవి వారి దగ్గర. సాంబారు ఒలికితే తుడుద్దాం. లెక్క తప్పితే సరిచేయడం నేర్పుదాం.

మీకు కూడా ఒక మనవి. మేము వద్దన్నామని తిరిగి వెళ్లిపోకండి. ఆ బాలుడు ఆళ్వారు వద్దన్నా తట్ట అందుకున్నాడు. ఈసారి తిరుమల వెళ్లినప్పుడు మహాద్వారం దాటుతూ ఒక్కక్షణం ఆగి ఆ గునపాన్ని చూడండి. మీ పక్కన మీ అమ్మో నాన్నో ఉంటే వారికీ చూపించండి.